దాకలిపై అంకెలు: కోనసీమ కొలిముల చరిత్రకు ఒక ఆధారం

గ్రామచరిత్రను నిర్మించే పరిశోధకునికి ఆలయానికి శాసనం, ఊరికి కైఫీయతు, భూమికి ఫసలీ లెక్క ఏదో ఒక మేరకు లభిస్తాయి. కమ్మరి కొలిమికి అటువంటి ఆధారం అరుదు. పన్నిద్దరు ఆయగాండ్రలో ఒకడుగా, కళ్ళంలో మేర కొలిపించుకొనే వృత్తికారునిగా మాత్రమే కమ్మరి ప్రస్తావన కనిపిస్తుంది. అతని పనిముట్లు, వాటి రాక, వాటి వెల ఎవరూ వ్రాసిపెట్టలేదు. అయితే కొలిమిలోని ఒక వస్తువు మాత్రం కొన్నిచోట్ల తన వివరాన్ని తన ఒంటిమీదనే మోస్తూ ఉంటుంది. అది దాకలి. దాని పక్కభాగంలో తుప్పు కింద దాగిన పేరునూ, మూడు అంకెలనూ సరిగా చదవడంపై ఒక కాలనిర్ణయమే ఆధారపడి ఉంటుంది.

నిఘంటువులు దాకలి, దాగలి అనే రూపాలను ఇస్తున్నాయి. స్వర్ణకారుని చిన్న దాకలికి పట్టెడ అనే పేరు వేరుగా ఉంది. దేశీయమైన కమ్మరి దాకలి సాధారణంగా కొమ్ము లేని ఇనుప దిమ్మ. మొద్దులోనో నేలలోనో పాతిన ఆ దిమ్మ ముందు కూర్చుని కమ్మరి పనిచేస్తాడు. దానిపై వ్రాత ఉండదు. ఒక వైపు కొమ్ము, సన్నని నడుము, వెడల్పైన పాదం, పైముఖంలో ఒక చదరపు రంధ్రమూ ఒక గుండ్రని రంధ్రమూ ఉన్న దాకలి ఐరోపా సంప్రదాయానిది. రెండింటినీ తెలుగు ఒకే మాటతో పిలిచింది. అందుచేత వృత్తిపదాల సేకరణలో ‘దాకలి’ అని మాత్రమే నమోదు చేస్తే, ఆ మాట వెనుక ఉన్న వస్తువు ఏదో తెలియకుండా పోతుంది.

విదేశీ దాకలి వచ్చింది గనుక పెద్ద ఇనుప పని కూడా దొరలతోనే వచ్చిందని అనుకోవడం పొరపాటు. 1669–1679 నడుమ బంగాళాఖాత తీరాలను చూసిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ, నరసాపురం ప్రాంతంలో ఓడల నిర్మాణాన్ని వర్ణిస్తూ, మేకులు, బోల్టులు, లంగరుల వంటివాటిని అక్కడి పనివారు నేర్పుగా చేస్తారని మెచ్చుకున్నాడు. నరసాపురానికి వశిష్ఠ అవతలి ఒడ్డున ఉన్నది రాజోలు సీమలోని సఖినేటిపల్లి. లంగరును సాగగొట్టడానికి చిన్న దిమ్మ చాలదు. బరువైన దాకలి, సమ్మెట వేసే మనుషులు, పెద్ద తిత్తి కావాలి. ఈ నైపుణ్యం ఆనకట్టకు దాదాపు రెండు శతాబ్దాల ముందటిది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. గౌతమి, వశిష్ఠల నడుమ ఉన్న మధ్య డెల్టాకు కాలువలు వచ్చాయి. గన్నవరం అక్విడక్టు వైనతేయను దాటించి రాజోలు వైపునకు నీరు చేర్చింది. తలుపులకు, లాకులకు, పడవలకు ఇనుము కావలసివచ్చింది. ధవళేశ్వరంలో ప్రభుత్వ కర్మాగారం ఏర్పడింది. ఆ కాలువలే ప్రయాణమార్గాలు కూడా కావడంతో మోయలేని బరువులు సైతం అమలాపురం, కొత్తపేట ప్రాంతాలకు పడవమీద చేరగలిగాయి. కొమ్ము దాకలి కోనసీమ పల్లెకు రావడానికి అనువైన పరిస్థితి ఇది. అయితే పరిస్థితి వేరు, సాక్ష్యం వేరు. ఫలానా దాకలి ‘కాటన్ దొర నాటిది’ అనడానికి ఆ దాకలే సాక్ష్యం చెప్పాలి.

ఇంగ్లండులో తయారైన పాత దాకలిపై బరువును మూడు అంకెలుగా కొట్టేవారు. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, రెండవది దానిలో నాలుగో వంతైన క్వార్టర్లు, మూడవది విడి పౌనులు. పేరుకు నూరైనా హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌనులు. క్వార్టరు 28 పౌనులు. 1·2·10 అని ఉంటే 112, 56, 10 కలిపి 178 పౌనులు, అనగా దాదాపు 80.7 కిలోలు. మద్రాసు తూకంలో మణుగు 25 పౌనులు, వీశె 3 పౌనుల 2 ఔన్సులు. ఆ లెక్కన ఇది ఏడు మణుగులపైన వీశెకు రెండు ఔన్సులు తక్కువ. ఈ పద్ధతిలో రెండవ అంకె 3ను మించదు, మూడవది 27ను మించదు. మించినట్లు కనిపిస్తే చదవడంలో తప్పు ఉండాలి, లేదా ఆ దాకలి వేరొక దేశపు తూకానిది కావాలి. అమెరికా దాకలులపై బరువు నేరుగా పౌనులలో ఉండటం సాధారణం.

తెలుగు పరిశోధకునికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక ప్రమాదం పొంచి ఉంది. అంకెల మధ్య చుక్కలు తుప్పులో మాసిపోతే 1·2·10 కాస్తా 1210 అవుతుంది. రెవెన్యూ కాగితాలతో పరిచయమున్న కంటికి అది వెంటనే ఫసలీగా తోస్తుంది. ఫసలీ 1210 అంటే క్రీ.శ. 1800–01, పర్మనెంటు సెటిల్‌మెంటుకు ముందటి మాట! దాకలి ఒక్కసారిగా ఆనకట్ట కంటే అర్ధశతాబ్దం పాతబడుతుంది. 1·3·15ను 1315గా చదివితే 1905–06 వస్తుంది; అది నమ్మదగినదిగా ఉండటం వల్ల మరింత ప్రమాదకరం. మూడవ అంకె 27తో ఆగుతుంది గనుక ఇటువంటి అపపఠనాలు 1110–1127, 1210–1227, 1310–1327 ఫసలీల మధ్యనే పడతాయి. ఆ పరిధిలోని ‘సంవత్సరం’ ఏదైనా దాకలిపై కనిపించినప్పుడు దానిని తేదీగా స్వీకరించే ముందు తూచి చూడటం తప్పనిసరి. కాటా 80 కిలోల దరిదాపుల్లో నిలిచిందంటే 1210 సంవత్సరం కాదు, బరువే. ఏళ్ల తరబడి దెబ్బలకు ముఖం అరిగి, అంచులు విరిగి ఉంటాయి కాబట్టి కొట్టిన అంకెకంటే కొంత తక్కువ తూగడం సహజం.

కాలనిర్ణయానికి బరువు పనికిరాదు. తయారీదారు పేరు కొంత పనికివస్తుంది. డడ్లీకి చెందిన పీటర్ రైట్ దాకలిపై పేరుతోబాటు ‘పేటెంట్’ అనీ, వలయాకారంలో ‘సాలిడ్ రాట్’ అనీ ఉంటుంది. షెఫీల్డు సమీపంలోని మౌస్‌హోల్ కొలిమి ముద్రలో ఆర్మిటేజి పేరు కనిపిస్తుంది. ‘ఇంగ్లండ్’ అని దేశనామం కూడా ఉంటే అది 1890 తరువాతిది కావడానికే అవకాశం ఎక్కువ. ఆ ఏటి అమెరికా సుంకాల చట్టం దిగుమతి వస్తువులపై దేశం పేరు ఉండాలని కోరింది. ఆ ఒక్క మాట కాటన్ కాలపు వాదాన్ని బాగా బలహీనపరుస్తుంది. అక్షరాలు కానరానప్పుడు సానపట్టరాదు. తుప్పుతోపాటు ముద్ర కూడా పోతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, సుద్ద రుద్ది, పక్కనుంచి వెలుతురు పడేటట్లు చూడటం మేలు. శాసనపు అచ్చు తీసినట్లు పలుచని కాగితంపై బొగ్గుతో రుద్ది కూడా తీసుకోవచ్చు.

రైలు పట్టా ముక్కనే దాకలిగా వాడుకొనే కొలుములూ ఉన్నాయి. పట్టా నడుముపై పోత పోసినట్లు తేలే అక్షరాలలో కర్మాగారం పేరు, సంవత్సరం ఉండవచ్చు. ఇక్కడ సంవత్సరం నిజంగా సంవత్సరమే. బరువు అంకె మాత్రం గజం పట్టాకు ఇన్ని పౌనులని చెప్పేది, ఆ ముక్క బరువు కాదు. ఆ సంవత్సరం పట్టా తయారైన ఏడే గాని కొలిమికి చేరిన ఏడు కాదు.

మౌఖికాధారాన్ని కూడా ఇదే జాగ్రత్తతో చూడాలి. ‘ఎనిమిది మణుగుల దాకలి’ అని ఒక పెద్దాయన అంటే, మద్రాసు మణుగులో అది సరిగ్గా 200 పౌనులు. దాకలిపై 1·3·4 అని ఉంటే ఆయన మాటా, ముద్రా ఒకటే చెబుతున్నాయన్నమాట. కాని రైల్వేలు వాడిన బెంగాలు మణుగు 82 పౌనులకు పైమాటే. ఆ లెక్కన ఎనిమిది మణుగులు పల్లె కొలిమిలో ఊహించరాని బరువు. 1956 చట్టం తరువాత 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు అమలులోకి వచ్చాయి. మణుగులలో చెప్పినవారు చిన్ననాట విన్న మాటను చెబుతున్నారా, కిలోలను తిరిగి మణుగులుగా మార్చి చెబుతున్నారా అన్నది తేలాలి. అందుకే బరువుతోబాటు చెప్పినవారి వయస్సునూ, ఆ మాట ఎవరి నోట విన్నారన్నదీ అదే పత్రంలో నమోదు చేయవలసి ఉంటుంది.