వట్టివేళ్ళ తడిక నుంచి కూలర్ దాకా: బిలాస్‌పూర్ వేసవి

వేసవికి ముందు బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో కూలర్ సిద్ధం చేసుకోవాలి: ట్యాంకు కడగాలి, పాత గడ్డి ప్యాడ్లు మార్చాలి, పంపు ఆడుతోందో లేదో చూడాలి. దీని వెనుక నాలుగు శతాబ్దాలు దాటిన చరిత్ర ఉంది.

అక్బర్ కాలంలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్లు చల్లేవారని అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో రాశాడు. తర్వాత బ్రిటిష్ బంగళాలకూ అవే తడికలు. సూత్రం ఒక్కటే: నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాక్కుంటుంది. అందుకే పొడిగాలి వీచే బిలాస్‌పూర్‌లో కూలర్ బాగా పనిచేస్తుంది, ఉక్కపోత ఉండే విశాఖలో అంతగా పనిచేయదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ రెండు వాతావరణాలనూ కలిపింది. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయింది.

మారింది శ్రమ. అప్పట్లో తడికలు తడిపేది, పంకా లాగేది పనివాళ్ళు. చల్లదనం మాత్రం దొరలది. ఇప్పుడు ఆ పని మోటారుది. మారనిది నీటి అవసరం. వానల మీద ఆధారపడే అర్పా నది వేసవిలో చిక్కిపోయే ఊరిది.

కాబట్టి మెయిన్స్‌లో సాంకేతికత గురించి రాసేటప్పుడు యంత్రం దగ్గరే ఆగకండి. చల్లదనం ఎవరికి, శ్రమ ఎవరిది, నీరు ఎక్కడిది? ఈ మూడూ అడిగితేనే సమాధానం పూర్తవుతుంది.