ఐదు చీరలు, ఒక బొంత

అమ్మ చీరను రెండు చేతులా పట్టుకుని, వరండాలోకి పడే ఎండకి ఎదురుగా ఎత్తింది. దగ్గరికి వచ్చి చూడండి. పైట వైపు నేత ఇంకా దట్టంగానే ఉంది. కుచ్చిళ్ళ కింద, మడమలు రాసుకునే చోట మాత్రం బట్టలోంచి పెరట్లోని జామచెట్టు కనిపిస్తోంది.

“ఇది మిషను కుట్టుకి ఆగదమ్మా. లోపలి పొరలోకి పెట్టు” అంటూ ఆ మేర కత్తిరించి పక్కన పడేసింది.

చాప మీద ఐదు చీరలున్నాయి. ముదురాకుపచ్చ మంగళగిరి, తెల్లటి వెంకటగిరి, మెరూన్ పోచంపల్లి, పసుపు గళ్ళ నారాయణపేట, పెడన అచ్చు వేసిన ఎర్ర కలంకారీ. అన్నీ నూలువే. ఎర్రదాన్ని విడిగా నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాం. దాని రంగు దిగితే పక్కన పడిన వెంకటగిరి పాడైపోతుంది. నిన్ననే అన్నిటికీ పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేశాం. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు సూది కింద సాగిపోతుంది, గంజి ఉంటే నిలబడుతుంది.

జరీ అంచులు ముందే కత్తిరించేశాం. బొంతలో అవి ఒంటికి గుచ్చుకుంటాయి. ఇప్పుడు స్కేలు పెట్టి రెండున్నర అంగుళాలకో గాటు. ఆ గాటుకి అటూ ఇటూ పట్టుకుని లాగండి. చర్రున ఆ చివరిదాకా చీలిపోయింది! పేక వెంటే చీలుతుంది కాబట్టి వంకర పోదు. కత్తెరకి ఆ తిన్నదనం రాదు. ఎండలో నూలు పీచు లేస్తోంది. అమ్మ అప్పుడే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

చీరకి ఎనిమిది చొప్పున 40 పీలికలు. ఒక్కోటి సుమారు 42 అంగుళాల పొడవు. అమెరికాలో మోడా అనే కంపెనీ సరిగ్గా ఈ వెడల్పు పీలికల్నే కత్తిరించి, చుట్టగా చుట్టి ‘జెల్లీ రోల్’ పేరుతో అమ్ముతుంది. అక్కడ క్విల్టు కుట్టేవాళ్ళు ఇష్టపడే పద్ధతిలోనే మనమూ కుడుతున్నాం. బట్ట మాత్రం మన బీరువాలోది.

పీలికల్ని కొసకి కొస కలిపి కుట్టుకుంటూ పోవడమే మొదటి పని. ఒకే చీర ముక్కలు రెండు పక్కపక్కన రాకూడదు, అంతకు మించి నియమం లేదు. మొట్టమొదటి పీలికలోంచి ఓ 18 అంగుళాలు కోసేశాం. అలా కోయకపోతే తర్వాత మడతల్లో అతుకులు ఒకదాని పక్కన ఒకటి బారులు తీరతాయి. గంట తిరిగేసరికి మిషను వెనక దాదాపు 1,600 అంగుళాల పట్టీ కుప్పగా పడింది. అంటే 130 అడుగుల పైమాటే.

ఇక దాన్ని సగానికి మడిచి, రెండు కొసలూ కలిపి, పొడవునా ఒకే కుట్టు. నేను మిషను తొక్కుతున్నాను, అమ్మ పట్టీ అందిస్తోంది. మీరు అటు చివర కూర్చుని మెలి పడకుండా చూడండి. పావు అంగుళం వదిలి కుట్టాలి, అంతకన్నా లోపలికి పోతే వరస సన్నబడుతుంది. టకటకలాడుతున్న మిషను చప్పుడు ఒక్కసారి తేలికైంది. బాబిన్‌లో దారం అయిపోయింది! మూరెడు మేర సూది వట్టినే పొడుచుకుంటూ పోయింది. దారం చుట్టి, వెనక్కి వచ్చి, మళ్ళీ మొదలు.

ఈ మొదటి కుట్టే 800 అంగుళాలు. విసుగొస్తుంది, ఓపిక పట్టండి. మడత కోసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ సగానికి మడిస్తే 400. ఆ తర్వాత 200, 100, 50. ఐదే మడతలు. పొడవు ప్రతిసారీ సగమవుతుంది, వరసలు రెట్టింపవుతాయి. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, చివరికి ముప్పై రెండు. నేల మీద పరిచాం. 50 అంగుళాలకి 64.

చూశారా, పోచంపల్లి పక్కకి నారాయణపేట గళ్ళు ఎలా వచ్చి చేరాయో! ఇది ఎవరూ కూర్చి పెట్టింది కాదు, మడతే తెచ్చింది. నాకు ఈ పద్ధతి మీద ప్రేమ అందుకే. రంగుకి రంగు జోడించడానికి నేను రోజంతా కూర్చున్నా ఇంత ధైర్యం చేయను. మన శ్రద్ధంతా బట్టను ఎంచడంలో ఉండాలి.

కింద అతుకు వేసిన ఓ చీర ముక్క, మధ్యలో ఇందాక పక్కన పెట్టిన పల్చటి ముక్కలు రెండు పొరలు, పైన ఈ పీలికల పొర. దూది అక్కర్లేదు. మూలల్లో పీటలు బరువు పెట్టి, పెద్ద పెద్ద టాకాలు వేసి, అమ్మ బొంత మీదే బాసింపట్టు వేసుకుని పెద్ద సూది అందుకుంది. వేలెడు దూరంలో వరస తర్వాత వరస. ఇక్కడ తొందరపడితే ఉతికినప్పుడు లోపలి పొరలు ఉండలు కడతాయి.

“ఆ కొస బిగించి పట్టుకో, ముడతొస్తోంది” అంది తల ఎత్తకుండానే.

ఇలా చేత్తో కుట్టడానికి చాలా రోజులు పడుతుంది. చుట్టూ పట్టీ వేయడం ఆ తర్వాతి పని. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే మనిషి ఈసారి మీ వీధిలోకి వచ్చినప్పుడు, మూటలోంచి ఐదు నూలు చీరలు తీసి పక్కన పెట్టుకోండి.