ఇందుపగింజ నుంచి ఆర్.ఓ. దాకా: ఇంటి మంచినీళ్ల చరిత్ర

వంటగది గోడకు తగిలించిన నీటి యంత్రం మనకు నిన్నమొన్న వచ్చిన వస్తువులా కనిపిస్తుంది. నిజానికి ఇంట్లో నీళ్లు శుభ్రం చేసుకోవడం చాలా పాత విద్య. ఆ చరిత్ర చదువుతూ వచ్చిన నాకు ప్రతి మలుపులోనూ ఒకే సంగతి కనిపించింది. ఏ సాధనం వచ్చినా, కనిపెట్టినవారి తెలివి సగం పనే చేసింది. మిగతా సగం దాన్ని కడిగి, తోమి, వేళకు మార్చిన ఇంటివారిదే. పింఛనుదారులమైన మనకు ఇది ఎంతో అవసరమైన విషయమని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నీటిని తేర్చే సాధనాలు ఏడింటిని సుశ్రుత సంహిత చెప్పింది. వాటిలో కతకం ఒకటి. అదే మన ఇందుపగింజ. చిల్లగింజ అని కూడా అంటారు. బురద నీళ్లు వచ్చే రోజుల్లో ఈ గింజను కుండ లోపలి వైపు అరగదీసి నీళ్లు పోసేవారు. కొంతసేపటికి మన్ను అడుగుకు దిగేది. పటిక చేసే పనీ అదే. రెండూ నీటిలో తేలే మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువెక్కిస్తాయి. పైతేట వంచుకుని, మడ్డి పారబోసి, కుండ కడగడం ఇల్లాలి పని. గింజ ఇంట్లో ఉంటే చాలదు, అరగదీసే చెయ్యి కావాలి.

తేటగా ఉన్న నీరు మంచి నీరేనన్న నమ్మకాన్ని కలరా చెడగొట్టింది. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లు తాగినవారు వందల సంఖ్యలో చనిపోయారు. రుచికి పేరుపడిన నీళ్లవి. జబ్బు ఆ నీటి ద్వారానే వచ్చిందని డాక్టర్ జాన్ స్నో వాదించారు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా సూక్ష్మజీవిని వేరుచేసి చూపారు. 1892లో జర్మనీలోని హాంబర్గులో కలరాకు ఎనిమిది వేలమందికి పైగా బలయ్యారు. పక్కనే ఉన్న ఆల్టోనా పట్టణం అదే ఎల్బే నది నీటిని, అదీ హాంబర్గు మురుగు కలిసిన తరువాత, తీసుకునేది. అయినా ఇసుక పొరల గుండా వడకట్టి ఇచ్చినందువల్ల చాలావరకు బయటపడింది.

ఇంటి ఫిల్టరు చరిత్ర కూడా అప్పుడే మలుపు తిరిగింది. 1884లో పారిస్‌లో పాశ్చర్ ప్రయోగశాలకు చెందిన చాంబర్లాండ్ మెరుగు పెట్టని పింగాణీతో కొవ్వొత్తి ఆకారపు ఫిల్టరు చేశారు. మనం క్యాండిల్ అంటున్నది దాని వారసురాలే. ఆ రోజుల్లో ఇంగ్లండు ఇళ్లలో బొగ్గు ఫిల్టర్లు గొప్పగా వాడేవారు. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరీక్షల్లో వాటిలో చాలావాటి గుట్టు బయటపడింది. అవి సూక్ష్మజీవులను ఆపలేకపోయాయి. పింగాణీ క్యాండిల్ నిలబడింది. అయితే పైన చిక్కుకున్న క్రిములు రోజులు గడిచేకొద్దీ రంధ్రాల్లో పెరిగి లోపలికి చేరతాయి కాబట్టి, దాన్నీ తరచు తోమి వేడిచేయక తప్పదని తేలింది.

మనలో చాలామంది ఇళ్లలో రెండంతస్తుల స్టీలు ఫిల్టరు ఏళ్లతరబడి పనిచేసింది. దాని మంచి గుణం ఏమంటే, మురికి పట్టగానే బొట్టు నెమ్మదించి తానే చెబుతుంది. అప్పుడు సబ్బు లేకుండా మెత్తని బ్రష్షుతో తోమాలి. వట్టి పింగాణీదైతే నీళ్లలో మరిగించాలి. లోపల బొగ్గు ఉన్నదైతే మరిగించరాదు. నీళ్లు ఒక్కసారిగా జోరుగా దిగుతుంటే సంతోషించకండి. పగులు వచ్చిందేమో చూడండి.

తరువాత వచ్చినవి ఇలా నోరు విప్పి చెప్పవు. అతినీలలోహిత కిరణాలతో నీటిని శుద్ధిచేసే పద్ధతిని 1910లోనే ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో వాడారు. మన ఇళ్లకు ఆ యంత్రాలు 1980ల దశకం నుంచి వచ్చాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, క్రిములను చంపే కిరణాల బలం మాత్రం కాలక్రమాన తగ్గిపోతుంది. చుట్టూ ఉన్న గాజుగొట్టానికి పాచి పట్టినా, నీరు మురికిగా ఉన్నా కిరణం క్రిమిని చేరదు.

ఇక ఉప్పులు, ఫ్లోరైడు సంగతి వేరు. 1937లోనే షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి రాశారు. నల్లగొండ బాధ మనందరికీ తెలిసినదే. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. క్యాండిల్‌గాని, కిరణంగాని, మరగబెట్టడంగాని ఫ్లోరైడును తీసేయలేవు. ఆర్.ఓ. తీయగలదు. 1960 ప్రాంతంలో అమెరికాలో లోబ్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి దానికి పనికివచ్చే పొరను తయారుచేసినది మన దేశస్థుడైన శ్రీనివాస సౌరిరాజన్. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణం ఆ పద్ధతిలో తాగునీరు పొందింది.

అయితే ఆర్.ఓ. అందరికీ అక్కరలేదు. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చునని భారతీయ ప్రమాణం. అంతకు తక్కువ ఉన్న చోట ఆర్.ఓ. వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. నీరు వృథా కావడం, ఒంటికి పనికివచ్చే లవణాలు పోవడం అందుకు కారణాలు. కనుక కొనేముందు నీటిని పరీక్ష చేయించండి. టీ.డీ.ఎస్. మీటరు ఉప్పులను కొలుస్తుంది గాని క్రిములను చూపదన్నది మరువకండి.

యంత్రం ఉన్నవారికి ఒక సంగతి. అందులోని బొగ్గు నీటి క్లోరిన్‌ను పీల్చేస్తుంది. ఆపైన ట్యాంకులో నిలిచిన నీటికి కాపలా ఉండదు. మనం పిల్లల దగ్గరికి వెళ్లి నెలల తరువాత తిరిగివస్తే, నిలిచిన నీళ్లన్నీ పారబోసి, ట్యాంకు కడిగించి, వడపోత భాగాలు మార్చవలసి ఉంటే మార్పించి, అప్పుడే తాగాలి. భాగం మార్చిన తేదీని యంత్రం మీదే కాగితంపై రాసి అంటించండి. పాత భాగాన్ని కళ్లారా చూసి కొత్తదానికి డబ్బివ్వండి.

వయసు మీద పడినవారికి, పసిపిల్లలకు ఒక్కసారి విరేచనాలు పట్టుకున్నా ప్రాణం మీదికి వస్తుంది. యంత్రం మీద అనుమానం కలిగిన రోజున, క్రిముల భయానికి అన్నిటికన్నా పాత ఉపాయం ఒకటి ఉంది. నీళ్లు తెర్లనిచ్చి, మూతపెట్టి చల్లార్చుకోండి.