కన్‌స్ట్రక్టరు పుట్టిన కథ

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో ఆరంభమైన ఈ పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 2017లో అది ప్రకటించిన పట్టికలలో 528 ఆహారపదార్థాల పోషక విలువలు కలవు. అట్టి పట్టికను కంప్యూటరులో ఎక్కించునపుడు ప్రతి పదార్థానికి పేరు, మాంసకృత్తులు, ఇనుము అని కొన్ని గడులు ఏర్పరుస్తాము. వాటిలో ఒక గడిని నింపుట మరచితే ఏమగును?

'సి' భాషలో వ్రాసిన ప్రోగ్రాములో, స్మృతియందు ఆ చోట లోగడ మిగిలిపోయిన ఏదో అంకె గడిలో కూర్చుండవచ్చును. యంత్రం దానినే ఇనుము పరిమాణంగా కూడివేయును, తప్పని చెప్పదు. రక్తహీనత గల బాలికకు ఆహారనియమం నిర్ణయించే లెక్క ఇదే అయినచో నష్టం ఎవరికో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి విరుగుడు ఓస్లో నగరంలో మొదలైనది. అక్కడి నార్వే గణన కేంద్రంలో ఓలె-యోహాన్ దాల్, క్రిస్టెన్ నిగార్డ్ అనే ఇరువురు 1967లో సిమ్యులా 67 భాషను రూపొందించినారు. అందులో 'క్లాసు' ఇటుకల అచ్చు వంటిది. దాని నుండి వచ్చే ఇటుక 'ఆబ్జెక్టు'. కొత్త ఆబ్జెక్టును కోరగానే విలువలను అందుకొని, క్లాసులోని ఆదేశాలు అప్పటికప్పుడే నడిచేవి. ఈ కృషికి వారికి 2001 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానం లభించినది.

కేంబ్రిడ్జిలో సిమ్యులాను వాడి చూచిన డెన్మార్కు దేశస్థుడు బ్యార్నె స్ట్రౌస్ట్రుప్, 1979లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 'సి' భాషకు క్లాసులను జోడింపసాగినాడు. ఆబ్జెక్టు పుట్టగానే దానిని సిద్ధపరచే పనిని ఒక ప్రత్యేక ఫంక్షనుకు ఒప్పగించినాడు. అదే కన్‌స్ట్రక్టరు. 1983లో ఆ భాషకు 'సి ప్లస్ ప్లస్' అని పేరు వచ్చినది. అందులో కన్‌స్ట్రక్టరుకు క్లాసు పేరే పేరు. పేరు, మాంసకృత్తులు, ఇనుము మూడూ కావలెనని అది కోరినచో, వాటిలో ఒకటి ఇవ్వని ప్రోగ్రామును కంపైలరే తిరస్కరించును. మానవుని జ్ఞాపకశక్తిపై ఉన్న భారం ఈ విధంగా భాషా నియమంపై పడినది. 1995లో వెలువడిన జావా కూడా ఈ మార్గమే త్రొక్కినది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. జావాలో విలువ ఇవ్వని అంకెల గడిలో సున్న చేరును. చెత్త అంకె కంటె సున్న మేలే; కాని "ఇనుము తెలియదు" అనుట వేరు, "ఇనుము లేదు" అనుట వేరు గదా! ఈ భేదాన్ని ఏ భాషా తనంతట తాను ఎరుగదు. కన్‌స్ట్రక్టరు వ్రాసేవారే దానిని నిర్ణయింపవలెను.