మన ముసలితనాన్ని చదివేదెవరు?

పెన్షనరుకు ఏటా ఒక పరీక్ష తప్పదు. బ్రతికి ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకోవాలి. ప్రాణం ఉన్నదా లేదా అన్నంత వరకే ఖజానాకు కావాలి. ఆ ప్రాణం ఎట్లున్నదని అడగవలసినది శాస్త్రం. వృద్ధాప్యాన్ని చదివే ఆ శాస్త్రం మన దేశంలో ఎట్లా మొదలైంది, అందులోకి ఎవరి పిల్లలు వచ్చారు, ఎవరి పిల్లలకు ఇంకా దారి దొరకలేదు అన్న సంగతులు ఈ ప్రత్యేక సంచిక పాఠకులతో పంచుకోదలచాను.

మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య ఎం.ఎస్. కానూంగో. జీవకణాలు ముసలివయ్యే తీరుపై ఆయన 1980లో ఒకటి, 1994లో ఒకటి గ్రంథాలు ప్రకటించారు. వైద్యం వైపు చూస్తే, మద్రాసులో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో వృద్ధులకు ప్రత్యేక విభాగం ప్రారంభించారు. అక్కడే 1996లో ఆ విషయంలో ఎం.డి. కోర్సు వచ్చింది. తెలుగునాట తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యులు పి.వి. రామమూర్తి వృద్ధాప్య పరిశోధనకు ఒక కేంద్రాన్నే నెలకొల్పారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య కల్లూరి సుబ్బారావు, వయసు పెరిగేకొద్దీ మెదడు కణాలలోని డి.ఎన్.ఏ. మరమ్మతు ఎట్లా మందగిస్తుందో పరిశోధించారు. వీరందరూ విద్యార్థులను తయారుచేశారు. అయితే ఆ విద్యార్థులు ఎం.ఎస్‌సి. దాటి వచ్చినవారు. డిగ్రీ చదివే బీద పిల్లవాడికి, అందునా వెనుకబడిన మైనారిటీ ఇంటి పిల్లకు, ఇట్లాంటి ఉద్యోగం ఒకటి ఉన్నదన్న కబురే అందదు.

ఈ లోటును అమెరికా ముందుగా గుర్తించింది. అక్కడి జాతీయ వృద్ధాప్య సంస్థ 1974లో ఏర్పడింది. డాక్టర్ రాబర్ట్ బట్లర్ దాని తొలి డైరెక్టరు. అయితే పరిశోధన అనే మాట వింటేనే అక్కడి నల్లజాతివారికి జంకు. కారణం ఉంది. టస్కీగీ అనే ఊళ్ళో 1932 నుండి 1972 దాకా సుమారు 600 మంది నల్లజాతి పురుషులపై ప్రభుత్వ ఆరోగ్య శాఖే ఒక అధ్యయనం నడిపింది. వారిలో 399 మందికి సుఖవ్యాధి ఉన్నా, ఆ మాట వారికి చెప్పలేదు. మందు వచ్చిన తరువాత కూడా ఇవ్వలేదు. అట్లాంటి ఇంటి ముసలివారు కొత్తవాడు కాగితం పట్టుకొని వస్తే తలుపు తీస్తారా? వారి బిడ్డలే పరిశోధకులుగా వెళ్ళాలి. ఈ అవసరాన్ని గుర్తించి, అల్పసంఖ్యాక వర్గాల డిగ్రీ విద్యార్థులకు శాస్త్ర శిక్షణ ఇచ్చే పథకాలు 1970ల దశకంలోనే అక్కడ మొదలయ్యాయి. వృద్ధాప్య సంస్థ 1997లో ఆ వర్గాల వృద్ధులపై పరిశోధనకు ప్రత్యేక కేంద్రాలు పెట్టింది. తరువాత డిగ్రీ పిల్లలకు వేతనమిచ్చి, పెద్ద పరిశోధకుల వద్ద పని నేర్పించే పథకం కూడా తెచ్చింది.

మనకు దీనితో ఏం పని అనవచ్చు. ముందు వయసు సంగతే చూద్దాం. ఈ శాస్త్రంలో మొదటి గడి వయసు. ఝరాసంగం మండలంలో ఎనభై దాటిన అవ్వను పుట్టిన తేదీ అడిగితే ఏం చెబుతుంది? పోలీసు యాక్షన్ నాటికి చంకలో పిల్లననో, రజాకార్ల గడబిడప్పుడు బర్లు కాసేదాన్ననో చెబుతుంది. ఆ మాట వినగానే 1948 అని లెక్క కట్టగలవాడు ఈ నేల మీద పెరిగినవాడే. పట్నం నుండి వచ్చినవాడు ‘తెలియదు’ అని గడి నింపి పోతాడు.

రెండవది జ్ఞాపకశక్తి. ప్రపంచమంతటా వాడిన మతిమరుపు పరీక్ష ఒకటి 1975లో వచ్చింది. అందులో నూరు నుండి ఏడేసి తీసివేస్తూ పోవాలి, ఒక వాక్యం వ్రాయాలి. బడి మొహం చూడని రైతు దాంట్లో తప్పితే అది రోగమా, చదువు లేకపోవడమా? అందుకే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం ఆ పరీక్షను మార్చి, 1995లో హిందీ రూపం ప్రకటించారు. తరువాత భారత వైద్య పరిశోధన మండలి ఇట్లాంటి పరీక్షలను ఐదు భాషలలో సిద్ధం చేసింది. అవి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం. అందులో మన ఇరుగుపొరుగు మాట్లాడే దక్కనీ ఉర్దూ లేదు, తండాలలో మాట్లాడే లంబాడీ లేదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనబడింది. మూడు, నాలుగు భాషలు వచ్చినందున అదనపు లాభం కనబడలేదు. ఇది ఆసుపత్రికి వచ్చినవారి లెక్క గనుక, పల్లెలలో కూడా చూడవలసి ఉన్నది. చూడడానికి జహీరాబాదు ప్రాంతం కంటె తగిన చోటు ఏది? బీదరు మనకు పొరుగు. తెలుగు, దక్కనీ, కన్నడం ఒకే సంతలో వినబడతాయి. మనం జ్ఞాపకాన్ని ‘యాది’ అంటాం. ఆ మాటే దక్కనీతో పంచుకున్న మాట.

పని చేయగల పిల్లలూ ఉన్నారు. మన మండలంలోని మాచనూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. దళిత స్త్రీలే మైకు పట్టి, ఊరి పెద్దల మాటలు, పాటలు రికార్డు చేసి వినిపించారు. డిగ్రీ లేకుండానే వారు అంత చేస్తే, శిక్షణ పొందిన పిల్లలు ఎంత చేయగలరో ఊహించవచ్చు. రాష్ట్రంలో 2016 నుండి తెరిచిన మైనారిటీ గురుకులాలు 204కు చేరాయి. అక్కడి నుండి డిగ్రీకి వచ్చిన ఆడపిల్లకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ వస్తాయి. ఈ పరిశోధనకు కావలసినదే అది.

దారులు మాత్రం ఇరుకవుతున్నాయి. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను, ఇతర పథకాలు ఉన్నాయన్న కారణంతో 2022లో కేంద్రం నిలిపివేసింది. అమెరికాలోనూ 2025లో ఈ తరహా శిక్షణ పథకాలు పలువాటికి నిధులు ఆగాయి. మన దేశంలో అరవై దాటినవారు 2011 జనాభా లెక్కల నాటికే పది కోట్లు మించారు. చదవవలసిన ముసలివారు పెరుగుతుంటే, చదివే పిల్లలకు దారి మూసుకుపోవడం లెక్కకు సరిపోదు.

కనుక సభ్యులకు రెండు మనవులు. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగలలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి డిగ్రీ విద్యార్థులకు వేసవిలో రెండు నెలల పరిశోధన ఫెలోషిప్ ఇస్తున్నాయి. కులమతాలతో నిమిత్తం లేదు. మీ మనుమలకే కాక, పక్కింటి ఖాన్‌సాబు మనుమరాలికీ, చర్చి పక్క వీధి పిల్లలకూ ఈ సంగతి చెప్పండి. దరఖాస్తు నింపడంలో మన చేయి తిరిగినదే కదా! రెండవది, వృద్ధుల సర్వేకు ఎవరైనా ఇంటికి వస్తే, మొదట వారి గుర్తింపు కార్డు, సమ్మతి పత్రం చూడండి. సక్రమంగా ఉంటే కూర్చోబెట్టి ఓపికగా జవాబు చెప్పండి. ఇంట్లో పుట్టిన తేదీ తెలియని పెద్దలుంటే, ఏ సంఘటన నాటికి ఎంతవారో ఇప్పుడే అడిగి ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి. ఆ లెక్క చెప్పగలవారు మన మధ్య ఇంకా కొద్దిమందే మిగిలారు.