ల్యుకేమియా ముందు ‘తాత్కాలిక’

గ్రీకులో ‘తెల్ల రక్తం’ అనే అర్థంతో రక్త క్యాన్సర్ ల్యుకేమియాకు ఆ పేరును 1847లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పెట్టాడు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పసికందుల్లో సుమారు పదిమందిలో ఒకరి రక్తంలో అచ్చం ల్యుకేమియా కణాల్లాంటివే కనిపిస్తాయి. అదనపు 21వ క్రోమోజోమ్‌కు తోడు, గర్భంలోనే గాటా1 జన్యువులో వచ్చిన మార్పు దీనికి మూలం. ఎక్కువమందిలో మూడు నెలల్లోపు అవి వాటంతటవే పోతాయి. ఈ స్థితి పేరులో ల్యుకేమియాకు ముందు ‘తాత్కాలిక’ అన్న విశేషణం అలా చేరింది.

యానాం నుంచి పుదుచ్చేరి జిప్మర్ ఆసుపత్రికి ఇలాంటి బిడ్డతో వెళ్లిన తల్లి చెవిన ల్యుకేమియా ఒక్కటే పడితే ఏమైపోతుంది? ఆ విశేషణాన్నే ముందు చెప్పాలి, నిదానంగా, తెలుగులో. అలాగని ఏమరుపాటు పనికిరాదు. కొందరిలో కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. తగ్గినవారిలోనూ సుమారు ఐదుగురిలో ఒకరికి నాలుగేళ్లలోపు అసలు ల్యుకేమియా రావచ్చు. అందాకా రక్తపరీక్షలు మానకూడదు.