1955 మధ్యంతరపుటెన్నికలు: జనోత్సాహమును వోట్లలెక్కయు

1955వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఆంధ్రరాష్ట్ర శాసనసభకు జరిగిన మధ్యంతరపుటెన్నికలను గూర్చి మనవారిలో నొక యభిప్రాయము స్థిరపడియున్నది. ఎన్నికలకు ముందు కమ్యూనిస్టులు రాజ్యము తమకే దక్కునని నమ్మిరనియు, వారి సభలకు జనము తండోపతండములుగా వచ్చెననియు, తుదకు పెట్టెలు విప్పి చూచునప్పటికి ప్రజలు వారిని విడనాడినట్లు తేలెననియు చెప్పుదురు. మొదటి రెండుమాటలును సత్యములే. మూఁడవమాట మాత్రము లెక్కకు నిలువదు. అది యేల నిలువదో, నిలువకున్నను ఇన్నాళ్లు ఎట్లు చెల్లుబడి యయ్యెనో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఈ కథకు మొదలు 1952 సార్వజనికపుటెన్నికలలో నున్నది. అప్పటికి ఆంధ్రజిల్లాలు ఉమ్మడి మదరాసు రాష్ట్రములోనివి. తెలంగాణము హైదరాబాదు రాష్ట్రమున నుండుటచే దాని రాజకీయములు వేఱుదారిని నడచుచుండెను గావున, ఇచట దానిని స్పృశింపను. ఆ యెన్నికలకు పూర్వమే ఆంధ్ర కాంగ్రెసు మూఁడు ముక్కలయ్యెను. 1951లో రాష్ట్రకాంగ్రెసు అధ్యక్షపదవికై నీలం సంజీవరెడ్డితో పోటీచేసి కొలఁదివోట్ల తేడాతో నోడిన ఆచార్య రంగాగారు తమవారితో వెలువడి కృషికార్ లోక్ పార్టీని నెలకొల్పిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారు ప్రజాపార్టీవారితో చేరిరి. కమ్యూనిస్టులో, నిషేధము తొలఁగి కారాగృహములనుండియు అజ్ఞాతవాసమునుండియు అప్పుడే వెలికి వచ్చినవారు. ఫలితమేమనఁగా, ఆంధ్రజిల్లాలలోని 143 స్థానములలో కాంగ్రెసునకు 43 మాత్రమే దక్కెను. కమ్యూనిస్టులు నలువదింటి ప్రాంతమున గెలిచి దానితో సరితూఁగిరి. మంత్రులుగా నుండిన బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, కల్లూరి చంద్రమౌళి గార్లు ఓడిరి. అనంతపురమున సంజీవరెడ్డిగారిని ఆయన బావమఱఁది యగు తరిమెల నాగిరెడ్డిగారే ఓడించిరి. ఒక్కయింట రెండుపక్షములు పుట్టిన యాకాలపు రాజకీయములకు ఇంతకంటె సూటియగు దృష్టాంతము దొరకదు.

ఈ గెలుపును కమ్యూనిస్టులు చదివికొన్న తీరులోనే తరువాతి పొరపాటునకు బీజమున్నదని నాకుఁ దోఁచుచున్నది. నాఁడు వారికి వచ్చిన వోట్లు మొత్తము పోలైన వానిలో ఇంచుమించు అయిదవవంతు. తక్కిన నాలుగువంతులు వారికి ప్రతికూలములు కాకున్నను వారివి కావు. అవి కాంగ్రెసునకు, కృషికారులకు, ప్రజాపార్టీకి, సోషలిస్టులకు, స్వతంత్రులకు చీలిపోవుటచేతనే అయిదవవంతు వోట్లవారికి నాలుగవవంతునకు మించిన స్థానములు దక్కినవి. గెలిచినవాఁడు తన బలమును గణించుకొన్నంత శ్రద్ధగా ఎదిరివారి చీలికను గణింపఁడు గదా.

పొట్టి శ్రీరాములుగారి ప్రాయోపవేశమరణము (1952 డిశంబరు 15), దానివెంట పుట్టిన యలజడి, 1953 అక్టోబరు 1వ తేదీని కర్నూలు ముఖ్యపట్టణముగా ఆంధ్రరాష్ట్రావతరణము చదువరు లెఱిఁగినవే. ప్రకాశము పంతులుగారు కాంగ్రెసు తోడ్పాటుతో ప్రథమ ముఖ్యమంత్రి యయిరి. ఆ మంత్రివర్గము పదుమూఁడునెలలు నడచెను. దానిని పడఁద్రోసినది రాజధాని తగవు గాదు, భూముల తగవు గాదు, మద్యనిషేధము. నిషేధముచే బ్రదుకుదెరువు గోలుపోయిన కల్లుగీతవారి మొఱ తీరప్రాంతజిల్లాలలో పెద్దదయ్యెను. పరిశీలనకై నియమింపఁబడిన రామమూర్తిసంఘము నిషేధమును తొలగింపుమనెను. ప్రభుత్వము తాత్సారము చేసెను. 1954 నవంబరు 6వ తేదీని అవిశ్వాసతీర్మానము ఒక్కవోటు తేడాతో నెగ్గెను. అదే నెల 15వ తేదీని రాష్ట్రపతిపాలనము వచ్చెను. 1957వఱకు సాగవలసిన సభకు ఆయువు అర్ధాంతరముగా తీఱుటచే మధ్యంతరపుటెన్నికలు తప్పనివైనవి.

ఇఁక ఉత్సాహము సంగతి. 1954 చివరనుండి 1955 ఫిబ్రవరివఱకు కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములలో కమ్యూనిస్టుల ప్రచారము జాతరవలె సాగెను. ఆ పక్షమువారి బలము పత్రికలకంటె పాటలో నుండెను. ప్రజానాట్యమండలివారు అంతకుమున్నే బుఱ్ఱకథను, పల్లెపదమును, వీథినాటకమును రాజకీయసాధనములుగా మలచియుండిరి. షేక్ నాజరు నోట బుఱ్ఱకథ యెట్టి శక్తి యయ్యెనో తెలుఁగుసాహిత్యచరిత్ర చదివినవారికి వేఱుగ చెప్పఁబనిలేదు. శ్రీశ్రీవంటి కవి స్వయముగా ఎన్నికలప్రచారమునకు దిగెను. అచ్చులో 1952లో విజయవాడ నుండి వెలువడనారంభించిన విశాలాంధ్ర దినపత్రిక వారి గొంతుక. అక్షరము రాని కూలివానికి పాట, చదివిన పడుచువానికి పద్యము, ఆ నడుమవానికి పత్రిక. ఈ మూఁటిని ఇంత నేర్పుతో ముడివేసిన పక్షము నాఁడు వేఱొకటి లేదని వారి ప్రతిపక్షులును ఒప్పుకొందురు.

పక్షమువారు ఏకముగా 169 స్థానములకు అభ్యర్థులను నిలిపిరి. అప్పటి సభలోని మొత్తము స్థానములు 196. ఇది ప్రతిపక్షముగా నుండఁగోరువారి లెక్క కాదు, ప్రభుత్వము నిర్మింపఁదలఁచినవారి లెక్క. రాఁబోవునది మన ప్రభుత్వమే యను మాట సభలలోను, పత్రికలలోను బహిరంగముగ వినవచ్చెను. పరదేశపు పత్రికాకర్తలు సైతము, వోట్లపెట్టె మార్గమున కమ్యూనిస్టు ప్రభుత్వ మేర్పడునాయని ఆంధ్రదేశమువైపు తొంగిచూచిరి.

సరిగా ఆ మాటయే వారికి చేటు తెచ్చినదని నా తలఁపు. ఎట్లన: 1952లో కమ్యూనిస్టులు గెలుతురన్న భయము ఎవ్వరికిని లేదు గనుక, వారి నెదిరించువారు తమలో తాము పోట్లాడుకొనుట కవకాశముండెను. 1955లో ఆ భయము ఊరూర ప్రాకినది. భయమును ప్రాకించినది కాంగ్రెసు ప్రచారము కొంతయే. ఎఱ్ఱజెండాల ఊరేగింపును అరుగుమీఁద నిలిచి చూచిన మూడెకరముల రైతునకు వేఱు ప్రచారమక్కఱలేదు. తన పొలము పోవునేమో యని వాఁడు తలపోసెను. పోదని పక్షమువారు చెప్పిరి. పెద్ద భూస్వాముల భూమియే పంచుదుమనిరి. కాని పెద్దవాఁడెవఁడో చిన్నవాఁడెవఁడో నిర్ణయించునది రేపటి ప్రభుత్వముగదా యను సందేహము చిన్నరైతును విడువలేదు. గుంటూరు మండలపు సభలో చేరిన పదివేలమందిని లెక్కపెట్టినవారు, ఆ సభకు రాక తలుపులు మూసికొని కూర్చున్నవారిని లెక్కపెట్టలేదు.

కాంగ్రెసు అధిష్ఠానవర్గము ఈ భయమును కూడఁబెట్టుటకు బొంబాయినుండి ఎస్.కె. పాటిలుగారిని పంపెను. ఆయన ఆంధ్రుఁడు కాఁడు. ఇచటి పాతతగవులతో ఆయనకు సంబంధము లేదు. అదియే యాయన కనుకూలించినది. సంజీవరెడ్డిగారి కాంగ్రెసును, రంగాగారి కృషికారులను, ప్రకాశముగారి ప్రజాపార్టీని ఒక్కచోటికి చేర్చి స్థానములు పంచి, ఒక్కొక్కచోట కమ్యూనిస్టున కెదురుగా ఒక్కనినే నిలుపునట్లు చేసిరి. మూఁడేండ్లక్రితము ఒండొరుల ముఖము చూడనివారు ఒకే వేదికపైఁ గూర్చుండిరి. కృష్ణా, గుంటూరు మండలములలో 1952లో కమ్యూనిస్టులకును కృషికారులకును చీలిన కమ్మరైతుల వోట్లు ఈ కలయికచే ఎటు మ్రొగ్గినవో పరిశోధకులు చర్చించియున్నారు. సెలిగ్ హారిసన్ 1956లో వ్రాసిన వ్యాసము ఆ చర్చకు మొదలు. కులమొక్కటే సర్వమును నిర్ణయించెనని నేననుకొనను. అది లేదనుటయు అసత్యమే.

అన్నిటికంటె విచిత్రమైన దెబ్బ మాస్కోనుండి వచ్చెను. 1955 జనవరి 26వ తేదీని, అనఁగా మన గణతంత్రదినముననే, సోవియట్ కమ్యూనిస్టుపక్షపు పత్రిక ప్రావ్దా నెహ్రూగారి విదేశాంగనీతిని కొనియాడుచు సంపాదకీయము ప్రకటించెను. కాంగ్రెసువారు దానిని తెలుఁగున కరపత్రములుగా నచ్చొత్తించి పంచిపెట్టిరి. మీ గురువులే మా నాయకుని పొగడుచుండఁగా మీరెందుకు తిట్టుదురని అడుగుట వారికి సులువయ్యెను. అదే నెలలో ఆవడి కాంగ్రెసు మహాసభ సామ్యవాదపద్ధతి సంఘనిర్మాణము తన లక్ష్యమని తీర్మానించెను. ఇఁక ఆంధ్రప్రభలో నార్ల వెంకటేశ్వరరావుగారు కమ్యూనిస్టులపై వ్రాసిన సంపాదకీయముల వాఁడిని గూర్చి వేఱొక వ్యాసమే వ్రాయవచ్చును. తెలుఁగు వచనము రాజకీయఖడ్గమైన సందర్భములలో అది ముఖ్యమైనది. అయినను, ప్రావ్దాయు ఆంధ్రప్రభయు ఎన్నికను మార్చెననుటకు లెక్కలలో ఆధారము కనఁబడదు. ఏలయన, వానిని చదివి కమ్యూనిస్టుల వోటర్లు తొలఁగిపోయినచో ఆ పక్షపు వోట్లు తగ్గియుండవలెను.

తగ్గలేదు. కమ్యూనిస్టులకు పోలైనవానిలో నూటికి 31 వంతులు వచ్చెను. కాంగ్రెసునకు 39. మిత్రపక్షములను కూడ కలిపినచో కూటమికి ఇంచుమించు సగము. స్థానములు చూడుఁడు: కాంగ్రెసునకు 119, కృషికారులకు 22, ప్రజాపార్టీకి 5; వెరసి 146. ప్రజాసోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22. కమ్యూనిస్టులకు 15. అయిదవవంతు వోట్లతో నలువది స్థానములు గెలిచినవారు, మూఁడవవంతునకు సమీపించిన వోట్లతో పదునేను స్థానములకు పడిపోయిరి. నాగిరెడ్డిగా రోడిరి. పుచ్చలపల్లి సుందరయ్యగారు గన్నవరమున గెలిచి సభలో ఆ కొలఁదిమందికి నాయకులైరి.

ఇచట నొక హెచ్చరిక యవసరము. 1952లో ఆ పక్షము తనకు బలముగల తావులలో మాత్రమే నిలిచెను. 1955లో ఇంచుమించు అంతటను నిలిచెను. కావున వోట్లు పెరిగినంతమాత్రమున అభిమానము అంతయు క్రొత్తదని చెప్పరాదు. అంతకుమున్ను ఎన్నుకొనుటకు అభ్యర్థియే లేనిచోట దాఁగియున్న అభిమానము కొంత వెలికి వచ్చియుండును. అట్లయినను, ప్రజలు విడనాడిరను మాటకు మాత్రము తావులేదు.

లెక్క యెట్లు తలక్రిందులయ్యెనో ఒక కల్పితోదాహరణముతో చూపవచ్చును. నూఱు వోట్ల గ్రామమనుకొందము. 1952లో కమ్యూనిస్టునకు 35, కాంగ్రెసునకు 30, కృషికారునకు 20, ప్రజాపార్టీకి 15. కమ్యూనిస్టు గెలిచెను. 1955లో అతనికి 40 వచ్చినవి, అనఁగా ఉత్సాహము నిజముగనే పెరిగినది; కూటమికి 55 వచ్చినవి, అయిదు చెదరినవి. అతఁడోడెను. సభకు వచ్చిన జనము అబద్ధమాడలేదు. వారు వోటు వేయకుండను పోలేదు. వారి వోట్లు అంతకుమున్ను చాలినవి, ఈమాఱు చాలలేదు, అంతే.

ఇది ఆంధ్రదేశమునకే చెల్లిన విశేషమా యని యడుగువారికి కేరళ సమాధానము. 1957లో అచటి కమ్యూనిస్టులు నూటికి 35 వంతుల వోట్లతో 126 స్థానములలో 60 గెలిచి స్వతంత్రుల యండతో ప్రభుత్వము నిర్మించిరి. అనఁగా, ఆంధ్రమున 31 వంతులతో కాలేనిది అచట మఱి నాలుగువంతులు కూడఁగనే యయ్యెను. కారణము కాంగ్రెసును ప్రజాసోషలిస్టులును అచట విడివిడిగా నుండుట. 1959లో నంబూద్రిపాదుగారి ప్రభుత్వమును కేంద్రము తొలగించిన పిదప 1960 ఫిబ్రవరిలో మధ్యంతరపుటెన్నికలు వచ్చెను. నూటికి ఎనుబదిమందికి మించి వోటువేసిరి. అంతటి యుత్సాహము అంతకుమున్ను ఏ రాష్ట్రమునను ఎఱుఁగము. కమ్యూనిస్టుల వోట్లు 39 వంతులకు పెరిగెను. స్థానములు 29కి తగ్గెను. కాంగ్రెసు, ప్రజాసోషలిస్టులు, ముస్లింలీగు కలిసి నిలిచియుండిరి. పాటిలుగారు ఆంధ్రమున వేసిన యెత్తు అచట మఱల ఫలించినదనవచ్చును.

రెండుచోట్లను ఒక పక్షపు ఉత్సాహము తనవారిని మాత్రమే మేల్కొలుపలేదు. ఎదిరివారిని మేల్కొలిపి, వారి పాత వైరములను మఱపించి, వారిని వోటుపెట్టెకడకు నడిపించినది. ఎన్నికలకు ముందు ఒక పక్షపు భవిష్యత్తును దాని సభలనుబట్టి అంచనావేయువారు ఈ రెండవ ఫలితమును లెక్కలోనికి తీసికొనలేదు. విజయోత్సాహమున మునిఁగిన పక్షమువారికి అది కనఁబడకుండుట సహజము. తరువాతి చరిత్రకారులకును కనఁబడకుండుట మాత్రము వింత.

1955 మార్చి 28వ తేదీని బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియు, సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రియు అయిరి. మూఁడేండ్లక్రితము ఓటమినందిన యిరువురును ఇట్లు అధికారమునకు వచ్చిరి.

పరిశోధకులకు విన్నవించవలసిన దొకటి మిగిలియున్నది. ఆ యెన్నికలలో 167 నియోజకవర్గములుండెను. వానిలో 29 ద్విసభ్య నియోజకవర్గములు, అచట వోటరునకు రెండేసి వోట్లు. కావున పైన చెప్పిన వంతులు వోట్లవి గాని మనుష్యులవి కావు. షెడ్యూల్డు కులములవారి స్థానములు ఈ ద్విసభ్య నియోజకవర్గములలోనే యుండుటచే, కూలిజనము వోటు ఎటుపడెనో తెలిసికొనుటకు ఆ యిరువదితొమ్మిదింటిని వేఱుగా తీసి లెక్కింపవలసియున్నది.